మెల్లగ పొమ్మని అరవడానికి సిలోన్ దాకా

సిలోన్ వెళ్ళొచ్చానని తెలిసిన నాటి నుంచి మా బెల్లంపల్లి బజారులో నన్ను నిలబెట్టి అడగనివాడు లేడు. రావణుడి కోట చూశావా అని ఒకడు, అశోకవనం ఎట్లా ఉందని ఒకడు, హనుమంతుడు కాల్చిన మసి ఇంకా ఉందా అని మరొకడు. మసి చూడటానికి సముద్రం దాటాలా? బొగ్గు గని పక్కన బతుకుతున్నాం, ఎవరి చొక్కా వాళ్ళు దులుపుకుంటే చాలదూ? నేను అక్కడ చూసింది మోటారు సైకిళ్ళ పందెం. అదీ కుర్చీలూ గొడుగులూ ఉన్న పెద్దవాళ్ళ వైపు నుంచి కాదు, అన్నిటికంటే చౌక టికెట్టు కొన్నవాళ్ళు నిలబడే గడ్డి దిబ్బ మీది నుంచి. అనుమానమున్నవాళ్ళు నా కొట్టుకు రండి, ఎండకు తోలు ఊడిన మెడ చూపిస్తాను.

నా పేరు రాజేశం, దర్జీని. గనిలో పనిచేసేవాళ్ళకు నిక్కర్లు, వాళ్ళ పిల్లలకు లాగులు కుట్టి బతుకుతున్నాను. కత్తెర పట్టే చేత్తో కలం పట్టాడేమిటని నవ్వేవాళ్ళు నవ్వండి. పోనివాళ్ళకు చెప్పకపోతే పోయొచ్చినవాడికి నిద్ర పట్టదు.

బండి సంగతి

అసలు ఈ ప్రయాణం నాది కాదు, మా అక్క లచ్చవ్వ మొగుడు సాయిలు బావది. బావ గనిలో బొగ్గు నింపిన డబ్బాలను ఇనుప తాడుతో పైకి లాగే ఇంజను నడుపుతాడు. ఆ పనిలో మంచి పేరంటే మెల్లగా లాగేవాడన్న పేరే. తొందరపడితే తాడు తెగి డబ్బాలు వెనక్కి దొర్లి కింద ఉన్న మనుషుల మీద పడతాయి. అందుకని బావ అన్నీ మెల్లగానే చేస్తాడు. ఆయన అన్నం తినడం చూస్తే మనకు మళ్ళీ ఆకలేస్తుంది.

పోలీసు చర్య జరిగిన తర్వాత గనిలో ఉన్న ఒక దొర దేశం విడిచి పోతూ తన మోటారు సైకిలును బావకు బహుమానంగా ఇచ్చి పోయాడు. అది నడవదు. నడవని బండిని కొనేవాడు దొరక్కపోతే దాన్ని బహుమానం అంటారు. బావ మాత్రం దాన్ని ఎడ్లబండి మీద ఎక్కించి, డప్పులు కొట్టించి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే లేచి బండిని తుడిచిన తర్వాతే ఆయన మొహం కడుక్కునేవాడు. దసరాకు దానికి తలస్నానం, పసుపు, లైటు మీద కుంకుమ బొట్టు, చక్రాల కింద నిమ్మకాయలు. చలికాలానికి ఒకటి, వానకాలానికి ఒకటి, ఎండకాలానికి ఒకటి, మూడు తొడుగులు నేనే కుట్టి ఇచ్చాను. మా అక్కకు అన్ని రవికెలు లేవు.

తర్వాత కొన్నేళ్ళకు సెల్వం వచ్చాడు. పాతికేళ్ళవాడు, సిలోన్ తమిళుడు, వర్క్‌షాపులో ఫిట్టరు. సాయంత్రాలు మా బావ వాకిట్లో కూర్చుని ఆ బండి పేగులన్నీ బయటికి తీసి, మళ్ళీ పెట్టి, ఒకనాడు దాన్ని పలికించాడు. ఆ చప్పుడుకు పక్కింటి మేక తాడు తెంపుకుని పోయింది. నడపడం నేర్పుతానని సెల్వం అంటే బావ రేపు అన్నాడు. అట్లా చాలా రేపులు గడిచాయి. కింద పడితే తన కాలు విరుగుతుందని కాదు, బండికి గీత పడుతుందని ఆయన భయం.

సెల్వం తల్లికి జబ్బు చేసి ఊరికి పోతూ, "రెండు నెలలు బండి ఇయ్యి అన్నా, తిరిగి తెచ్చిస్త" అని అడిగాడు. ఎవరినీ చెయ్యి వేయనివ్వని మనిషి, "పాణం పోసినోడు అడిగితె లేదంటె ఎట్ల?" అని ఇచ్చేశాడు. రెండు నెలలు దాటి రెండు దసరాలు పోయాయి. బావ పొద్దున్నే లేచి బండి ఉండే చోటు తుడిచి కూర్చునేవాడు.

ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటి ఎండాకాలం సెల్వం నుంచి ఒక ఫోటో వచ్చింది. తల మీద బోర్లించిన గిన్నె లాంటి టోపీ పెట్టుకుని బండి మీద పడుకున్నట్టు వంగి ఉన్నాడు. ఫలానా ఆదివారం మన బండి పందెంలో పరుగెత్తుతుంది, తప్పక రావాలి అని వెనక రాయించాడు.

"నా బండిని పందెంల ఉరికిస్తడట రాజేశం! గా ఉరుకుడుల యాడనన్న గుద్దుకుంటె ఏం మిగుల్తది?" అని బావ తల పట్టుకున్నాడు.

"పొయ్యి తెచ్చుకోరాదు? ఇంట్ల కూసోని ఏడిస్తె నాకు పరేషాన్" అంది అక్క. ఆయన ఒక్కడే పోతే లంకకు బదులు కాశీలో తేలతాడని నన్ను వెంట పంపింది. బావ సామాను ఏమిటంటే, బండిని చుట్టి తేవడానికి పెద్ద తాడు చుట్ట, గోనెసంచులు. నా సామాను రెండు చొక్కాలు, అక్క చేసిన సకినాల డబ్బా.

మద్రాసు

ఈ ఊరి గురించి రాయడానికి నాకు ఎక్కువ ఏమీ లేదు, ఎందుకంటే బావ దాన్ని ఒకే చూపుతో చూశాడు. రైలు దిగగానే జట్కావాణ్ణి పిలిచి, "ఇక్కడ కల్లు మంచిది యాడ దొరుకుతది?" అని అడిగాడు. వాడికి తెలుగు బాగానే వచ్చు. నోటి మీద వేలు పెట్టుకుని అటూ ఇటూ చూసి, గుర్రాన్ని ఒక్కటి అంటించి మమ్మల్ని వదిలేసి పోయాడు. ఆ రాష్ట్రంలో తాగుడు నిషేధమని తర్వాత తెలిసింది.

"ఇంత పెద్ద ఊరు, గింత సముద్రం, తాగెటానికి మాత్రం మజ్జిగ" అని బావ ఆ రాత్రంతా నాతో మాట్లాడలేదు, నేనే నిషేధించినట్టు.

నీళ్ళ మీద

మండపం అనే ఊరి క్యాంపులో మాకు సూదులు గుచ్చి, నాలుకలు చూసి, మాలో సిలోన్‌కు సరిపడే ఆరోగ్యం ఉందని తేల్చి ధనుష్కోటికి పంపారు. అక్కడ రైలు పట్టా సముద్రం దాకా పోయి ఆగుతుంది. ఎదురుగా ఓడ. గనిలో మూడు తాటిచెట్ల లోతుకు నవ్వుతూ దిగే మా బావ ఆ ఓడ మెట్ల దగ్గర ఆగిపోయాడు.

"భూమి కిందికి ఎంత లోతుకైన దిగుత. గీ తేలుడు నాతోని కాదు."

"రెండు గంటలే బావా."

"మునిగెటానికి గంట చాలు."

తాడు చుట్టను కడుపుకు కరుచుకుని ఓడ మధ్యలో కూర్చున్నాడు. "ఓడ మునిగితే ఆ తాడును దేనికి కడతావు బావా?" అని అడిగాను. "నీకు" అన్నాడు. పక్కన కూర్చున్న తేయాకు తోట కూలీలు తెలుగు రాకపోయినా ఆయన మొహం చూసి పడి పడి నవ్వారు. వాళ్ళలో ఒక ఆడమనిషి నిమ్మకాయ చీల్చి ఇచ్చింది వాంతి రాకుండా. బావ దాన్ని తినలేదు, బండి చక్రాల కింద పెట్టాలని జేబులో వేసుకున్నాడు.

కొలంబో

దర్జీ ఏ ఊరికి పోయినా ముందు గుడ్డలే చూస్తాడు. ఇక్కడ ఒక ముసలాయన పైన మంచి కుట్టుపని ఉన్న కోటు వేసుకుని, కింద లుంగీ కట్టుకుని, జుట్టు ముడిలో పెద్ద దువ్వెన గుచ్చుకుని దర్జాగా పోతున్నాడు. దువ్వెన మగాడి తలలో చూడటం నాకదే మొదలు. కోటుకు సగం పని, లుంగీకి పనే లేదు, ఈ దేశంలో దర్జీగా పుట్టనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

చిల్లర విషయంలో వీళ్ళు మనకంటే నయం. మన దగ్గర నయా పైసలు వచ్చి నెల కాకముందే, అణాకు ఎన్ని ఇవ్వాలని బజారులో జుట్లు పట్టుకుంటున్నారు. వీళ్ళు ఎప్పటి నుంచో రూపాయికి వంద సెంట్లు లెక్కపెట్టుకుంటూ ప్రశాంతంగా ఉన్నారు. టీ కూడా వేరే. పాలు పోయరు, చక్కెర వేయరు. అరచేతిలో చిన్న బెల్లం ముక్క పెడతారు, దాన్ని కొరుక్కుంటూ నల్లటి డికాక్షన్ తాగాలి. బావ బెల్లం ముందే తినేసి ఆ డికాక్షన్ వైపు పగవాడిని చూసినట్టు చూశాడు.

స్టేషను దగ్గర హోటల్లో కూర్చోగానే, అడగకుండానే ఒక పళ్ళెం నిండా తినుబండారాలు తెచ్చి పెట్టారు. చేప కూరిన ఉండలు, నూనెలో వేయించిన చుట్టలు, మాంసం పెట్టిన బన్నులు. "చూడు, ఎంత మర్యాదున్నదో. పెట్టింది ఇడ్సిపెడితె పెట్టినోనికి నామోషి" అని బావ మొదలుపెట్టాడు. పళ్ళెం ఖాళీ చేశాం. ఇంకో పళ్ళెం నిండుగా వచ్చింది. మర్యాద కోసం అదీ ఖాళీ చేశాం. మూడోది వచ్చేసరికి బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రాజేశం, వీళ్ళు మనల్ని సంపుతరు" అన్నాడు. ఆ దేశంలో పళ్ళెం అందరి ముందూ పెడతారట, మనకు కావలసింది తీసుకుంటే మిగిలింది లెక్క చూసి డబ్బు తీసుకుంటారట. ఆ రోజు మేమిచ్చిన డబ్బుతో మా వాడలో ఒక చిన్న పెళ్ళి అయ్యేది.

షెడ్డులో

సెల్వం పనిచేసే షెడ్డు సందులో ఉంది. మమ్మల్ని చూడగానే నూనె చేతులతో ఉరికొచ్చి బావ కాళ్ళకు దండం పెట్టాడు. బావ వాణ్ణి చూస్తేగా! బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. మట్టిరేకులు లేవు. లైటు లేదు, దాని చోట తెల్ల రంగు వేసిన గుండ్రటి రేకు మీద నల్లగా పదిహేడు అంకె. సీటు కోసేశారు. హ్యాండిలు కిందికి వంచేశారు.

"నా బండి బట్టలన్ని ఊడదీసి బజార్ల నిలబెట్టినవ్ గదరా!"

"బరువు తీసిన అన్నా. బరువుంటె ఉరకదు."

"ఉరకమన్నది ఎవడు?"

సెల్వం తల వంచుకుని సంగతి చెప్పాడు. షెడ్డు యజమానిని అక్కడ ముదలాళి అంటారు. ఆ ముదలాళి, ఆదివారం పందెంలో మొదటి ముగ్గురిలో ఒకడిగా వస్తే సెల్వంకు తన సొంత కొత్త బండి ఇచ్చి ప్రతి పందేనికీ పంపుతానని మాటిచ్చాడు. లేకపోతే జీవితమంతా ఇంకొకరి బండ్లకు నూనె పోయడమే.

"ఒక్క ఆదివారం అన్నా. తెల్లారి మీ బండి మీకు. అన్ని మల్ల బిగించి నేనే ఓడ ఎక్కిస్త. అమ్మ మీద ఒట్టు."

ముదలాళి నోట్లో చుట్టతో వెనక నిలబడి ఇదంతా వింటున్నాడు. భాష రాకపోయినా బేరం అర్థమైనట్టుంది. బావ బండి ట్యాంకు మీద చెయ్యి వేసి, "ఆదివారం దాకనే. గీత పడ్డదా, బిడ్డా, నీ సంగతి చెప్త" అన్నాడు. ఆ మూడు రోజులూ ఊరు చూద్దామంటే రాలేదు. షెడ్డులో గోనెసంచి పరచుకుని బండి పక్కనే పడుకున్నాడు. నేను ఒక్కణ్ణే సముద్రం చూసి, గుళ్ళు చూసి, గాలిపటాలు చూసి వచ్చాను. దానివల్ల చెప్పడానికి నాకు మిగిలింది పాదాల నొప్పి.

కలుతర దారి

ఆదివారం పొద్దున దక్షిణం వైపు రైలు. పట్టా పక్కనే సముద్రం, అల పెద్దదైతే కిటికీలోంచి మొహం మీద పడుతుంది. కలుతర దగ్గరికి వచ్చేసరికి బావ లేచి నిలబడ్డాడు. కొబ్బరిచెట్ల తలల మధ్య తాళ్ళు కట్టి, వాటి మీద మనుషులు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు నడుస్తున్నారు. కల్లు గీసేవాళ్ళు. పొద్దున ఎక్కితే తోటంతా గీసేదాకా కిందికి దిగరట.

"మన గౌండ్లోళ్ళు చెట్టుచెట్టుకు ఎక్కి దిగుతరు. వీళ్ళు చూడు, తాడు మీది నుంచి పోతున్నరు! గిదీ పనితనమంటె" అని బావ రైలంతా వినబడేట్టు మెచ్చుకున్నాడు. దిగిన స్టేషన్లో ముంత కల్లు దొరికింది. రెండు గుక్కలు తాగి ఆలోచించి, "మన తాటికల్లుకు దండం పెట్టాలె. అయినా మద్రాసు మజ్జిగకన్న మేలు" అన్నాడు. ఆ దేశం మీద ఆయనకు కోపం కొంత తగ్గింది.

గడ్డి దిబ్బ

యుద్ధకాలంలో విమానాలు దిగిన మైదానమది. ఇప్పుడు దాని చుట్టూ గడ్డిమోపులు, పాత టైర్లు పేర్చి పందెం బాట చేశారు. టికెట్టు కిటికీ దగ్గర నా ఇంగ్లీషు పనికొచ్చింది. నాకు వచ్చిన ఇంగ్లీషంతా చెస్టు, వెయిస్టు, లెంగ్తు, హాఫ్, ఫుల్. "హాఫ్" అన్నాను. పిల్లల టికెట్టా అన్నట్టు వాడు కిటికీలోంచి తల బయట పెట్టి మా ఇద్దరి మీసాలూ చూసి, గడ్డి దిబ్బ వైపు చెయ్యి చూపించాడు.

దిబ్బ మీద ఊరు ఊరంతా ఉంది. చాపలు, గొడుగులు, అరటాకుల్లో ఎర్రబియ్యం అన్నం, చేపల వాసన, కొబ్బరినూనె వాసన. మాకు చోటిచ్చింది ఒక సింహళ ముసలావిడ, తెల్ల రవిక, తెల్ల లుంగీ, నోట్లో ఆకువక్క. పక్కన ఆమె కొడుకు. మా సకినం ఒకటి ఇస్తే ఆమె కొరికి చూసింది, రాలేదు. కొడుకు కొరికాడు, కొద్దిగా వచ్చింది. మొత్తానికి టీలో ముంచుకుని తిన్నారు. బదులుగా ఎండుచేపలు దంచి చేసిన కారం పెట్టారు. అది తిన్న బావకు చెవుల్లోంచి పొగ వచ్చినా, "మంచిగున్నది, మా వరంగల్ మిర్చి లెక్క" అన్నాడు.

ఎదురుగా నీడ ఉన్న వైపు టోపీల దొరలు, దొరసానులు, ముదలాళులు. మా వైపు నీడకు మా అరచేతులే దిక్కు. అయితే ఒకటి. వాళ్ళకు కనబడేది పందెం మొదలూ చివరా మాత్రమే. బండ్లు పడిపోయే మలుపు మా ముందే ఉంది.

పసుపు

పందేనికి ముందు సెల్వం మమ్మల్ని బండ్లు ఆపిన చోటికి తీసుకుపోయాడు. బావ అక్క కట్టిచ్చిన మూట విప్పాడు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. చిన్న గిన్నెలో నూనెతో పసుపు చిక్కగా కలిపాడు. బొట్టు పెట్టడానికి లైటు కోసం వెతికితే లైటు లేదు. దాని చోట ఆ తెల్ల రేకు ఉంది.

"మొఖం గిదే ఇగ" అన్నాడు.

రేకు నిండా పసుపు పూసి, మీద అయిదు కుంకుమ బొట్లు పెట్టాడు. వెనక రెండు పక్కలా అట్లాంటివే రేకులున్నాయి, చెంపలకు లేకుండా ఎట్లా అని వాటికీ పూశాడు. మా ఇద్దరికీ బండి ఇన్నాళ్ళకు నిండుగా కనబడింది. సెల్వం కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని, విభూతి రాసుకుని, టోపీ పెట్టుకుని అప్పటికే ముందున్న బాటనే చూస్తున్నాడు. తెల్ల ప్యాంటు అధికారి ఒకాయన వచ్చి బండి చూసి ఏదో చెప్పబోయాడు. బావ భక్తిగా ఆయన నుదుటికీ ఒక బొట్టు పెట్టాడు. ఆయన నోరు మూసుకుని, మొహమాటంగా నవ్వి వెళ్ళిపోయాడు. ఇంతలో గంట కొట్టారు. చక్రం కింద నిమ్మకాయ చితికింది. మేము దిబ్బ మీదికి పరుగెత్తాం.

పది చుట్లు

పచ్చజెండా ఊపగానే భూమి అదిరింది. మొదటి చుట్టులో సెల్వం ఎక్కడో వెనకున్నాడు, పసుపు రంగు వల్ల మాకు దూరం నుంచే తెలుస్తున్నాడు. దిబ్బంతా లేచి వేగంగా పొమ్మని వాళ్ళ భాషలో అరుస్తోంది. వాళ్ళందరి మధ్యలో మా బావ ఒక్కడు రెండు చేతులూ కిందికి ఊపుతూ, "మెల్లగ! మెల్లగ పో బిడ్డా! మలుపున్నది, మెల్లగ!" అని గొంతు చించుకుంటున్నాడు.

నాకు సిగ్గేసింది. బావా, ఇది పందెం అని చొక్కా పట్టుకుని లాగాను. వదిలించుకున్నాడు.

ముసలావిడ బావ మొహం చూసి, బండి వైపు చూపించి, "పుతా?" అని అడిగింది. కొడుకా అని. బండి అని సైగతో చెప్పడం నాకు చేతకాలేదు, తల ఊపాను. అంతే, ఆమె వక్క ఉమ్మేసి, బావ భుజం మీద చెయ్యి వేసి, ఆ పసుపు బండి వచ్చినప్పుడల్లా చేతులు జోడించడం మొదలుపెట్టింది.

నాలుగో చుట్టులో మా మలుపు దగ్గరే ఒక బండి జారి గడ్డిమోపుల్లోకి దూసుకుపోయింది. నడిపేవాడు లేచి కుంటుతూ బయటికి వచ్చాడు, బండి ముందు చక్రం మాత్రం చపాతీలా అయింది. బావ కింద కూర్చుండిపోయాడు, రెండు చేతులతో మొహం కప్పుకుని. "అయిందా? నాదేనా? చెప్పు రాజేశం, నాదేనా?"

"నీది కాదు. నీది ఇద్దర్ని దాటింది."

వేళ్ళ సందులోంచి చూశాడు. సెల్వం నిజంగానే దాటుతున్నాడు. మలుపులో బండిని ఎంత వంచుతున్నాడంటే, మోకాలు నేలకు రాసుకుంటుందేమో అనిపించింది. వంచి, మళ్ళీ అంత సుకుమారంగా లేపుతున్నాడు, నిద్రపోయే పిల్లను ఎత్తినట్టు. బావ లేచి నిలబడ్డాడు. అరవలేదు. ఒక చుట్టు, రెండు చుట్లు నోరు తెరుచుకుని చూశాడు. ఆయన చేతులు గాలిలోనే హ్యాండిలు పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. సెల్వం వంగినప్పుడు ఈయనా వంగాడు, పక్కనున్న ముసలావిడ కూడా వంగవలసి వచ్చింది.

ఎనిమిదో చుట్టులో సెల్వం నాలుగో స్థానంలో ఉన్నాడు. ముందున్న బండికి ఇతనికి మధ్య జానెడే ఉంది.

"లాగు!" అని ఒక అరుపు వినబడింది. ఎవరా అని చూస్తే మా బావ. "లాగురా సెల్వం! నీ యవ్వ, లాగు! ఏం గాదు, లాగు!"

నేనూ అరిచాను. ఏమని అరిచానో తెలియదు. చివరి చుట్టులో మా ముందు మలుపులోనే సెల్వం మూడోవాణ్ణి దాటాడు. దిబ్బ మొత్తం ఎగిరింది. బావ ముసలావిడను ఎత్తుకున్నాడు, ఆమె కొడుకు బావను ఎత్తుకున్నాడు, సకినాల డబ్బా ఎక్కడికి పోయిందో ఈ రోజుకూ తెలియదు.

లెక్క తప్పింది

మైకులో గెలిచినవాళ్ళ అంకెలు చదివారు. మూడోది పదిహేడు కాదు.

మేము పరుగెత్తుకుంటూ పోయేసరికి సెల్వం ఒక బల్ల ముందు నిలబడి వాదిస్తున్నాడు. బల్ల దగ్గర ముగ్గురు కాగితాలు పట్టుకుని ఉన్నారు. ఒక్కో బండి ఒక్కో చుట్టు పూర్తిచేసినప్పుడు రేకు మీది అంకె చూసి రాసుకోవడం వాళ్ళ పని. వాళ్ళలో పెద్దాయన లేచి వచ్చి బండి ముందు నిలబడి రేకు వైపు వేలు చూపించాడు. పసుపూ నూనే గాలికి పాకి, దానిలో కుంకుమ కరిగి, మీద దుమ్ము అంటుకుని, పదిహేడు అంకె ఎక్కడుందో కన్న తల్లికి కూడా తెలియదు. పక్క రేకులూ అంతే. వాళ్ళు ఎట్లాగో పోల్చుకోగలిగింది మొదటి రెండు చుట్లే. రాయని చుట్లు తిరిగినట్టు లెక్క లేదు. ఆయన నుదుట మా బావ పెట్టిన బొట్టు అట్లాగే ఉంది.

ముదలాళి చుట్ట కింద పడేసి తొక్కి, కారెక్కి పోయాడు.

సెల్వం టోపీని గడ్డిమోపులకేసి కొట్టాడు. తర్వాత బావ వైపు తిరిగి తమిళంలో తిట్టడం మొదలుపెట్టాడు. నాకు తమిళం రాదు, ఒక్క మాట కూడా వదలకుండా అర్థమైంది. బావ తల వంచుకుని అంతా పడ్డాడు. తిట్టి తిట్టి సెల్వం నేల మీద కూలబడి మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. అంత కష్టపడి ఒళ్ళు పణంగా పెట్టినవాడి బతుకును చిటికెడు పసుపు చెరిపేసింది. నవ్వడానికే పుట్టానని నన్ను అందరూ అంటారు, ఆ సాయంత్రం నాకు నవ్వు రాలేదు.

కొంతసేపటికి వాడే లేచాడు. ముక్కు తుడుచుకుని, బావ వెంట తెచ్చిన తాడు, గోనెసంచులు అందుకున్నాడు. "మాటిచ్చిన అన్నా. బండి తీస్కపోండి. మట్టిరేకులు, లైటు షెడ్డుల ఉన్నయి, రాత్రి బిగిస్త."

బావ భుజం మీది తువ్వాలు తీశాడు. బండి ముందు కూర్చుని ఆ మూడు రేకులనూ తుడిచాడు. ఎప్పటిలాగే మెల్లగా, మూలమూలకూ వేలు పెట్టి, అంకె తళతళలాడేదాకా. లేచి నిలబడి, "సెల్వం, ఎట్ల ఎక్కాలె?" అని అడిగాడు.

"ఏంది అన్నా?"

"ఎట్ల ఎక్కాలె చెప్పు. ఒకపారి నడుపుత."

పదకొండో చుట్టు

జనం సగం పోయారు. గడ్డిమోపులు విప్పేవాళ్ళు విప్పుతున్నారు. సెల్వం బావను ఎక్కించి, చేతులకు చేతులు పట్టి చూపించి, పక్కనే పరుగెత్తాడు. బండి రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. మూడోసారి కదిలింది.

మా బావ పందెం బాట మీద మోటారు సైకిలు నడిపాడు. కాళ్ళు రెండూ బార్లా చాపి, నడుం నిటారుగా, తల మీద నిండు బిందె ఉన్న మనిషిలా. ఎంత మెల్లగా అంటే సెల్వం పరుగు ఆపి నడుస్తూ వెంట పోయాడు. ఒక కుక్క వాళ్ళిద్దరినీ దాటి పోయింది. అక్కడ చాప చుట్టుకుంటున్న ముసలావిడ చూసి కొడుకును కేకేసింది. ఇద్దరూ బాట అంచున కట్టిన తాడు దగ్గరికి వచ్చి చప్పట్లు కొట్టారు. మిగిలిన నలుగురూ కూడా కొట్టారు. బావ మా ముందు నుంచి పోతున్నప్పుడు చూశాను. ఆయన నవ్వుతున్నాడు, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి తీయలేడు.

చుట్టు పూర్తిచేసి వచ్చాడు. ఎట్లా ఆపాలో అడగలేదు కాబట్టి గడ్డిమోపుకు ఆనించి ఆపాడు. ట్యాంకు మీద గోరంత గీత పడింది. దాన్ని వేలితో తడిమాడు.

సెల్వం గోనెసంచులు విప్పబోయాడు.

"ఏం చేస్తున్నవ్?" అన్నాడు బావ.

"కడతాండ అన్నా."

"కట్టెటానికా గిది? మల్ల పందెం ఎప్పుడున్నది?"

సెల్వం చేతిలో తాడు అట్లాగే ఉండిపోయింది. "వానలు పోయినంక" అన్నాడు, వినబడీ వినబడకుండా.

"ముదలాళి బండి నీకెందుకు? గిది లేదా? నీ దగ్గరనే ఉంచు. ఉరికియ్యి." బావ దిగి చేతులు దులుపుకున్నాడు. "పసుపు చక్రానికి పెట్టుకో. రేకు జోలికి పోకు."

బెల్లంపల్లి

తిరుగు ప్రయాణంలో బావ ఓడ అంచున నిలబడి నీళ్ళు చూస్తూ వచ్చాడు. మద్రాసులో మజ్జిగ తాగాడు. రైలు దిగి ఇంటికి వచ్చేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఉంది. బండి పెట్టే చోటు అలికి, ముగ్గు వేసి ఉంచింది. మా వెనక ఎడ్లబండి ఏదైనా వస్తుందేమోనని వీధి చివరిదాకా చూసింది.

"బండేదయ్య?"

బావ చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, గడప మీద కూర్చున్నాడు.

"నడిపిన" అన్నాడు.

"నేనడిగింది గది కాదు. బండేదంటున్న."

"గదే చెప్తున్న గదనే. నడిపిన."

అక్క నా వైపు చూసింది. ఔను అన్నాను. ఆమె ఆయన మొహంలోకి చూసి, పెరట్లోకి పోయి, ఆ పూట కోడిని కోసింది.